ఉతకని అంగీ

పులిగోరు కనుమ మీద పొద్దు పొడిచింది. ఎదురెదురుగా నిలబడిన రెండు కొండలు ఆ వెలుగులో తోమిన రాగి బిందెల్లా మెరిశాయి. వాటి నడుమ ఒక్క బండి మాత్రమే పట్టే దారి, దారికి అడ్డంగా నల్లరాతి కోట. కోటకు అవతల అడుగు కనిపించని లోయ. లోయ నిండా విరిగిన పాలలా తెట్టెలు కట్టి కదిలే మంచు. ఆ మంచు దాటితే ఉగ్రదంష్ట్రుడనే మాంత్రికుడి చెప్పుచేతల్లో ఉన్న కరాళదేశం. ఇవతల కొండ దిగితే వరిచేలూ, చెరకుతోటలూ, నిద్రలేస్తున్న ఊళ్ళూ ఉన్న చంద్రకోన రాజ్యం.

అంత రాజ్యానికీ ఈ కనుమే తలుపు. ఆ తలుపును కాసేది మాత్రం రాజుగారి సైన్యం కాదు.

మూడు తరాల కిందట ఒక సేనాపతి, శత్రువు ఇస్తానన్న సింహాసనానికి ఆశపడి ఈ కోట తలుపు తీశాడు. జీతపు సైనికులు చూస్తూ నిలబడ్డారు. కొండ కింద ఇరవై ఊళ్ళ జనం రోకళ్ళతో, పారలతో, నాగళ్ళ కర్రులతో పైకి ఎక్కివచ్చి మూడు రోజులు దారికి అడ్డం పడ్డారు. నాలుగో రోజు శత్రువు వెనుదిరిగాడు. అప్పటి రాజు శాసనం వేయించాడు. జీతం పుచ్చుకునే సైనికుడెవడూ ఈ కోటలో అడుగుపెట్టరాదు. ఇరవై ఊళ్ళలో ప్రతి ఇల్లూ ఏడాదికి పదిహేను రోజులు ఒక మనిషిని కాపలాకు పంపాలి. నలభైమంది వస్తారు, పదిహేను రోజులు కాస్తారు, ఇంకో నలభైమందికి అప్పగించి దిగిపోయి తమ మడకలూ మగ్గాలూ పట్టుకుంటారు. వాళ్ళను వంతుబంట్లు అంటారు.

బల్లెం కర్ర ఎవరిది వాళ్ళదే. ఇంటి వాసాల్లో దోపి ఉంటుంది, వంతు వచ్చినప్పుడు దుమ్ము దులిపి తెచ్చుకుంటారు. ఇనుప మొనలు నలభై, ఎర్రపాగాలు నలభై మాత్రం కోటవి. వంతు మారే రోజు పాతవాళ్ళు మొనలు ఊడదీసి గొంగడి మీద పెట్టాలి. కొత్తవాళ్ళు వాటిని తీసి తమ కర్రలకు తొడుక్కోవాలి. ఆ కాస్తసేపూ కోటలో ఎవరి చేతిలోనూ ఇనుము ఉండదు. మూడు తరాలుగా అలాగే జరుగుతోంది. అందులో తప్పు ఉందని ఎవరికీ తోచలేదు.

ఆ పొద్దున కోట నడిమి వాకిట్లో పోలక్క పెద్ద బాన కింద మంట ఎగదోస్తూ, మురికి విరిచే చౌడుమన్ను కలిపిన నీళ్ళలో నలభై పాగాలు ఉడకబెట్టి ఉబ్బ వేస్తోంది. పదిహేను రోజుల చెమట పోగొట్టి కొత్తవాళ్ళకు శుభ్రమైన పాగాలు ఇవ్వాలి. పోలక్కది వేపమడుగు ఊరు. ఆమె భర్త బైరయ్య ఆ ఊరి చాకలి. నాలుగు నెలల కిందట రేవులో పాము కరిచి పోయాడు. శాసనంలో ఇల్లు అని ఉంది కానీ మగవాడు అని లేదు. కాబట్టి వాసంలో ఉన్న భర్త కర్ర దించుకుని పోలక్క తమ ఇంటి వంతుకు బయలుదేరింది. వేపమడుగు పెద్దలు ఆడదానితో కలిసి గోడ ఎక్కేది లేదన్నారు. ఒక మనిషి తక్కువైన పొరుగూరు ఆకులతోట వాళ్ళు రమ్మన్నారు. అలా ఆమె తనవాళ్ళెవరూ లేని బంట్లలో పడింది. మొదటి రోజు నవ్వినవాళ్ళే మూడో రోజుకు వదినా అనడం మొదలుపెట్టారు. మగడు పోయిన సంగతి ఆమె వాళ్ళకు చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

"వొదినా, పదైదు దినాలు బల్లెం పట్టినావు. ఒక్క శత్రువూ మొహం చూపించలేదు. నీ ఉడుకునీళ్ళ వాసనకే పారిపోయినట్టుండారు" అన్నాడు నరసడు. అతను తాళ్ళెక్కి కల్లు గీసేవాడు. గోడ మీద పిల్లిలా నడుస్తాడు.

"నీ పాగా బానలో ఏసినప్పుడు వొచ్చే వాసనకైతే కరాళదేశమే ఖాళీ అయిపోతాది" అంది పోలక్క కొయ్యతో పాగాలు తిప్పుతూ.

గోడ మీదివాళ్ళు గొల్లున నవ్వారు. వంతు పెద్ద ఓబయ్య మాత్రం వాచిన మోకాలు రుద్దుకుంటూ, నవ్వులు చాలించి మొనలు తుడవమన్నాడు. అరవై ఏళ్ళ ఆ ముసలాయన తమలపాకుల తోట సాగుచేస్తాడు. ఇది ఆయనకు ముప్పై ఎనిమిదో వంతు.

ఇంతలో కొండ కింది నుంచి డప్పు వినిపించింది. కొత్త వంతు వచ్చేసింది. ఈసారి వేపమడుగు వాళ్ళ వంతే. పోలక్క మనసు తేలికైంది. ఇంటికి వెళ్ళగానే చేయాల్సిన చాకిరీ గుర్తొచ్చింది. ఆమె కాపలాకు వచ్చిన ఈ పదిహేను రోజులూ ఊళ్ళో బట్టలు ఉతికే దిక్కు లేదు. ఊరి మాసిన బట్టలన్నీ ఆమె ఇంటి అరుగు మీద మూటలు మూటలుగా పడి ఉంటాయి. ఆమె చీర కూడా ఒకటి విడిచినది విడిచినట్టే దండెం మీద ఉండిపోయింది.

నరసడు తలుపు తీశాడు. నలభైమంది రెండు వరసల్లో లోపలికి వచ్చారు. ఒక్కొక్కరి భుజాన మొన లేని కర్ర, కర్ర చివర సద్దిమూట. సంతల్లో చూసిన మొహాలే కావడంతో ఓబయ్య మనుషులు చేతులూపి పలకరించారు. వచ్చినవాళ్ళు తలలూపారే తప్ప ఎక్కువ మాట్లాడలేదు. గొంగడి పరిచారు. ఓబయ్య ముందుగా తన మొన ఊడదీసి దాని మీద పెట్టాడు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి పెడుతున్నారు. రాతిమీద వాన చినుకుల్లా ఇనుము టకటకమంటోంది.

పోలక్క తల ఎత్తి తన ఊరివాళ్ళను వరసగా చూసుకుంటూ పోయింది. సాలె ముద్దయ్య. గానుగ సుబ్బడు. మునసబు తమ్ముడు.

నాలుగోవాడు బైరయ్య.

చేతిలో కొయ్య జారి బానలో పడింది. ఉడుకునీళ్ళు చింది ముంజేతి మీద పడ్డాయి. ఆమెకు మంట తెలియలేదు. అదే పొడవు. అదే కాస్త ఎడమకు వంగిన నడక. నవ్వితే కనిపించే అదే విరిగిన పన్ను. తన చేతులతో పసుపునీళ్ళు పోసి, తన కళ్ళముందే మట్టి కప్పిన మనిషి, పొద్దుటి వెలుగులో నీడ కూడా వేసుకుంటూ నడిచి వస్తున్నాడు.

చచ్చినవాళ్ళు వస్తారని చిన్నప్పుడు విన్నది. మొనలు తొడుక్కోవడానికి కూడా వస్తారా?

అతను నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు. దాహంగా ఉందని, చెంబుతో నీళ్ళు ఇమ్మని అడిగాడు. గొంతు అతనిదే. పోలక్క కుండలో నీళ్ళు ముంచింది. చెంబు అందించింది. అతను ఆమె మొహం చూశాడు. దారిన పోయే మనిషిని చూసినట్టు చూసి, నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టాడు.

పన్నెండేళ్ళు కాపురం చేసిన మగడు తనను ఎరగడు.

అప్పుడు ఆమె చూపు అతని అంగీ మీద పడింది. నీలం గీతల అంగీ. కుడి చంక కింద ఎర్రదారంతో వేసిన కుట్టు ఆమెదే. చచ్చిపోయిన రోజు పొద్దున బైరయ్య విడిచి రాతిమీద పడేసిన అంగీ అది. ఊరందరి బట్టలూ ఉతికే పోలక్క ఆ ఒక్క అంగీని ఉతకలేదు. అటక మీద కుండలో పెట్టి పైన మూకుడు మూసింది. పండగలూ పబ్బాలప్పుడు తీసి మొహానికి ఆనించుకునేది. ఆ సంగతి పక్కింటివాళ్ళకు కూడా తెలియదు.

ఆమె గిరుక్కున మిగిలినవాళ్ళ వైపు తిరిగింది. సాలె ముద్దయ్య పంచె మీద నీలిమందు మరక. సుబ్బడి చొక్కా వీపంతా గానుగ నూనె. మునసబు తమ్ముడి ఉత్తరీయం మీద తాంబూలపు చార. వంతుకు పోయేవాడు మడతవిప్పిన బట్ట కట్టుకుని పోవడం ఇరవై ఊళ్ళ ఆచారం. ఇక్కడ నలభైమందిలో ఒక్కడి ఒంటిమీద కూడా ఉతికిన బట్ట లేదు. ఇవన్నీ తన అరుగు మీద తన కోసం ఎదురుచూస్తూ ఉండాల్సిన మూటల్లోవి.

తన ఇంటిని ఎవరో దోచుకున్నారు. బట్టలు తీసుకుని, వాటితోపాటు వాటి మనుషుల మొహాలు కూడా తొడుక్కున్నారు. ఉతకని బట్టతో వచ్చిన మొహమైతే, ఉతికితే పోవాలి. అటక ఎక్కి కుండ దింపినవాడికి మాత్రం, ఆ అంగీ గలవాడు చచ్చిపోయాడని తెలియదు.

గొంగడి మీద అప్పటికే ముప్పై మొనలు ఉన్నాయి.

పోలక్క కాళ్ళీడ్చుకుంటూ ఓబయ్య దగ్గరికి వెళ్ళింది. ఒంగి గొంగడి అంచు సర్దుతున్నట్టు నటిస్తూ, చెవి దగ్గర చిన్నగా అంది.

"మామా, ఆ నీలం అంగీవోడు నా మొగుడు."

"మంచిదే గదమ్మీ. పోయి పలకరించు."

"నా మొగుడు సచ్చి నాలుగు నెలలైంది. ఈళ్ళ ఒంటిమీదియన్నీ నా అరుగు మీది మాసిన బట్టలు."

ఓబయ్య చేయి మొన మీద ఆగిపోయింది. ఆయన తల ఎత్తలేదు. తోటలో తీగ కింద పాము కదిలితే ఆకు కదపకుండా నిలబడే మనిషి ఆయన. నలభైమందివీ నీ అరుగు మీదివేనా అని ఒక్క మాట అడిగాడు. ఆమె అవునంది. వెంటనే ఆయన లేచి గొంతు పెంచి, ఈ ఏడు నుంచి పద్ధతి మారిందనీ, ముందు పాగాలు, తర్వాతే మొనలు అనీ చెప్పాడు. కొత్తవాళ్ళు ఒక్కొక్కరే బాన దగ్గరికి పోయి చాకలామె చేతుల మీదుగా పాగా అందుకోవాలన్నాడు. తనవాళ్ళను కర్రలు పట్టుకుని వెనక నిలబడమన్నాడు. పోతూ పోతూ నరసడి భుజం మీద చేయి వేసి ఏదో చెప్పాడు. నరసడు ఆవులిస్తూ గొంగడి దగ్గరికి వెళ్ళి, బద్ధకంగా దాని మూలలు సర్దసాగాడు.

వచ్చినవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అందరి చూపులూ నీలం అంగీవాడి దగ్గర ఆగాయి. అతను సరేనన్నట్టు కళ్ళతోనే చెప్పి తానే ముందు నడిచాడు. అతనే వాళ్ళ నాయకుడని పోలక్కకు అర్థమైంది.

బాన ముందు అతను తల వంచాడు. ఎదురుగా ఉన్నది బైరయ్య తల. నుదుటి మీద రేవు రాయి తగిలిన మచ్చ. ఇంకొక్క గడియ అలాగే చూస్తూ ఉంటే బాగుండునని ఆమె చేతులు మొరాయించాయి. ఆ అంగీ ఉతికితే ఈ లోకంలో అతని వాసన ఇక లేదు. ఉతకకపోతే ఇరవై ఊళ్ళు లేవు.

పోలక్క మసిగుడ్డతో లోటా పట్టుకుని, బానలో ముంచి, ఆ చౌడునీళ్ళు అతని గుండెల మీద కుమ్మరించింది.

అతను పెట్టిన కేక బైరయ్య గొంతుతో మొదలై ఇంకొకడి గొంతుతో ముగిసింది. అంగీలోంచి మురికి నురగ దిగజారింది. దానితోపాటే మొహమూ జారింది. విరిగిన పన్ను నిండింది, మచ్చ మాసిపోయింది, మెలితిరిగిన మీసాలు మొలిచాయి. ఊరేగింపులో ఏనుగు మీద, దూరాన తప్ప జనం చూడని మొహం అది. చంద్రకోన సేనాపతి వజ్రబాహు.

కోటంతా ఒక్క క్షణం బొమ్మల కొలువులా నిలిచిపోయింది.

తర్వాత అంతా ఒక్కసారే జరిగింది. ముప్పై తొమ్మిదిమంది నడుముల్లోంచి కత్తులు దూశారు. నరసడు గొంగడి నాలుగు మూలలూ కలిపి మొనలతో సహా మూటగట్టి, దాన్ని వీపున వేసుకుని గోడ మీదికి ఎగబాకాడు. ఓబయ్య కుంటుతూనే పోయి తలుపు మూసి గడియ వేశాడు. ఆకులతోట వాళ్ళలో పదిమందికి తప్ప మిగిలినవాళ్ళ చేతుల్లో ఉన్నవి ఉత్త కర్రలే. కానీ అవి వాసాల్లో మూడు తరాలు పొగతాగి గట్టిపడిన వెదుళ్ళు. కత్తి పట్టిన మణికట్టు మీద పడితే కత్తి కింద పడుతుంది. పోలక్క బానలోంచి పాగాలు కొయ్యతో ఎత్తి విసిరింది. పొగలు కక్కుతూ, నీళ్ళు ఓడుతూ, పన్నెండు మూరల పాగాలు ఎర్రటి కొండచిలువల్లా మెడలకూ కాళ్ళకూ చుట్టుకున్నాయి. చౌడునీళ్ళు తగిలిన చోటల్లా సాలె ముద్దయ్య సైనికుడయ్యాడు, మునసబు తమ్ముడు సైనికుడయ్యాడు. గోడ మీంచి నరసడు కింద ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినే పేరుపెట్టి పిలిచి మొనలు అందించాడు. బాన ఖాళీ అయ్యేసరికి వచ్చినవాళ్ళలో ఆరుగురు పడిపోయారు, మిగిలినవాళ్ళు కత్తులు పారేశారు. ఆకులతోట వాళ్ళలో ఇద్దరు లేవలేదు. ఒక్క శత్రువు కూడా తలుపు దాటలేదు.

వాళ్ళు శత్రువులు కారు. అదే ఎవరికీ మింగుడుపడలేదు. వాళ్ళంతా చంద్రకోన జీతపు సైనికులు.

తడిసిన పాగాలతో కట్టేసి కూర్చోబెట్టాక కూడా వజ్రబాహు తల దించలేదు.

"చాకలివాళ్ళూ, కల్లుగీతవాళ్ళూ కాసే కోట చూసి దేశాలన్నీ నవ్వుతున్నాయి. మీ వంతులు రద్దు చెయ్యమని రాజుగారికి ఏడేళ్ళుగా చెప్పాను" అన్నాడు.

"మీ పాత సేనాపతి తలుపు తీసినప్పుడు కూడా తప్పు ఇట్లనే వేరేవోళ్ళ మీదికి నెట్టినాడంటయ్యా. మా తాత అనేవాడు" అన్నాడు ఓబయ్య.

మిగతా కథ వణుకుతున్న ఒక కుర్ర సైనికుడి నుంచి బయటపడింది. ప్రతివాడి దండచేతికీ నల్లదారంతో రాగి తాయెత్తు ఉంది. ఉగ్రదంష్ట్రుడు కట్టాడు. తాయెత్తు చేతికి ఉండి, ఎవరి ఉతకని బట్ట కట్టుకుంటే వాళ్ళ రూపం వస్తుంది. బట్టలో చెమట ఉన్నంతసేపే ఆ రూపం. నిజమైన వేపమడుగు బంట్లు నలభైమందీ కొండ మలుపులో గబ్బిలాల గుహలో కట్లతో పడి ఉన్నారు. మాంత్రికుడు ఒక్కడే గాలిదారిన వచ్చి అక్కడే కాచుకుని ఉన్నాడు. కోట చేజిక్కిందని సేనాపతి స్వయంగా వచ్చి చెబితే శంఖం ఊదుతాడు, లోయలో దాగిన కరాళసేన పైకి ఎక్కుతుంది. పొద్దు నడినెత్తికి వచ్చేలోపు సేనాపతి రాకపోతే ఆ నలభైమంది తలలూ తీసి, వాళ్ళ ఒంటిమీది బట్టలు కట్టి, అవే మొహాలతో కొండ కింద దాగిన ఇంకో నలభైమంది సైనికులను పంపుతాడు.

ఆకులతోట వాళ్ళు ఆకాశం వైపు చూశారు. నీడలు అప్పటికే పాదాల దగ్గరికి వస్తున్నాయి.

పోలక్క లేచి సేనాపతి తెచ్చిన సద్దిమూట విప్పింది. అందులో సద్ది లేదు. జరీ అంచు పట్టు అంగరఖా, తలపాగా మడతపెట్టి ఉన్నాయి. పని అయ్యాక తన మొహం తాను తొడుక్కోవడానికి దాచుకున్నవి. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. అత్తరు కింద చెమట వాసన. ఉతకనివే.

తాను పోతానని ఓబయ్య చేయి చాచాడు. ఆ మోకాలితో మలుపు దాకా కూడా పోలేవని ఆమె అంది. నరసడు తాను పోతానన్నాడు.

"గుహలో నలబైమందిలో ఎవరు మనోళ్ళో, ఎవరు మొహం తొడుక్కున్నోళ్ళో నీకు ఎట్ల తెలుస్తాది? ఆ ఊరి మరకలన్నీ నాకు తెలుసు" అంది పోలక్క.

నరసడు పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

ఆమె వజ్రబాహు దండ నుంచి తాయెత్తు విప్పుకుంది. వాడి ఒంటిమీంచి నీలం గీతల అంగీ తీసి, నీళ్ళు పిండి, ఒకసారి మొహం దగ్గరికి తెచ్చుకుంది. చౌడు వాసన. అంతే. దాన్ని ఓబయ్య చేతిలో పెట్టింది.

"ఎండలో ఆరెయ్యి మామా. నీడన వద్దు, రంగు వెలిసిపోయినా పర్లేదు."

చీర మీదనే పట్టు అంగరఖా తొడుక్కుని, తలపాగా చుట్టి, దండకు తాయెత్తు బిగించింది. అంతసేపూ పక్కనే ఉన్న నరసడు కెవ్వుమని నాలుగడుగులు వెనక్కి దూకాడు. అన్నీ తెలిసిన బంట్లే కర్రలు ఎత్తి ముందుకు వచ్చారు. కట్లలో ఉన్న వజ్రబాహు తన ఎదుట నిలబడిన తనను చూసి మొదటిసారి తల దించాడు.

"తలుపు తియ్యండి" అంది పోలక్క. ఏనుగు ఘీంకారం లాంటి మగగొంతు వచ్చింది. ఆ గొంతుకు ఆమే ఉలిక్కిపడింది.

ఎండలో దారి తెల్లగా కాలుతోంది. భర్త కర్ర ఆసరాగా ఆమె మలుపు దాకా నడిచింది. మలుపు దగ్గర రాళ్ళ సందుల నుంచి గబ్బిలాల కంపు కొట్టింది. గుహ నోటి ముందు ఒక బండ. బండ మీద ఎవరో కాళ్ళాడిస్తూ కూర్చుని ఉన్నారు.

ఆడమనిషి. పోలక్క చూపు ముందుగా చీర మీద పడింది. కుడి అంచున రేవు రాళ్ళకు చిరిగిన చింపు. కొంగున తాను పదిహేను రోజుల కిందట వేసిన ముడి. దండెం మీద విడిచి వచ్చిన తన చీర.

ఆ మనిషి మొహం ఎత్తింది. నీళ్ళలో వంగినప్పుడు తప్ప పోలక్క ఎన్నడూ చూసుకోని మొహం, అలలు లేకుండా, రెప్పవేయకుండా ఆమెనే చూస్తోంది. ఆ మొహంలో దంతాలు మాత్రం తనవి కావు. అవి సన్నగా, పొడుగ్గా, కోరల్లా ఉన్నాయి.

"ఇంత ఆలస్యమా సేనాపతీ?" అన్నాడు ఉగ్రదంష్ట్రుడు, పోలక్క గొంతుతోనే. "కోటలో ఒక చాకలిది ఉందనీ, పోగానే దాని తల తెచ్చిస్తాననీ మాట ఇచ్చావు. నువ్వు పోయాక దాని మొహం నేను కట్టుకున్నాను, ఇక అది బతికి ఉండకూడదు. ఏది?"

పోలక్క తనను తాను తేరిపార చూసింది. కర్ర మీద పిడికిలి బిగించింది.

"తెచ్చాను" అంది సేనాపతి గొంతుతో, ఒక అడుగు ముందుకు వేస్తూ.